గడ్డి కలిపిన గోడ, నార చుట్టిన రాకెట్

పాత మట్టి ఇల్లు ఎండాకాలంలో చల్లగా ఉండేదన్న మాటకు ఎదురు చెప్పేవాళ్లు లేరు. ఈ మధ్య ఆ మాటకు ఇంకొకటి తోడైంది. ఆ గోడలు బయటి చప్పుడును లోపలికి రానిచ్చేవి కావట, ఆ గుట్టంతా మట్టిలో కలిపి తొక్కిన వరిగడ్డిలో ఉందట, ఇవాళ విమానాలకూ రాకెట్లకూ వాడుతున్న నార కలిపిన కాంపోజిట్ పదార్థాల కిటుకు మన పెద్దలకు అప్పుడే తెలుసట. వినడానికి బాగానే ఉంటుంది. అయితే తిరుమలగిరి లాంటి చోట ఈ మాటను పరీక్షకు పెట్టడానికి కావలసిన సరుకంతా ఉంది. గడ్డి కలిపిన మట్టి గోడలు ఇంకా అక్కడక్కడ నిలబడి ఉన్నాయి, పక్కనే ఫణిగిరి గుట్ట మీద రెండు వేల ఏళ్ల నాటి కట్టడాలున్నాయి, నార కలిపిన సిమెంటు రేకుల కప్పులు ప్రతి ఊళ్లోనూ ఉన్నాయి, కార్బన్ నారతో క్షిపణి భాగాలు తయారుచేసే హైదరాబాద్ కూడా ఎంతో దూరంలో లేదు. ఈ నాలుగింటినీ వరసగా చూస్తే ఒక విషయం తేలుతుంది. మట్టిలోనైనా, సిమెంటులోనైనా, రెసిన్‌లోనైనా నారను మనుషులు కలిపింది బలం కోసమే. శబ్దం సన్నగిల్లడంలో నార వాటా ఎక్కడా పెద్దది కాదు. శబ్దాన్ని గోడలో ఆపింది బరువు. రాకెట్ తొడుగులో దాన్ని చంపేది నారల చుట్టూ ఉన్న జిగురూ, నారకూ జిగురుకూ పట్టు కుదరక మిగిలిన ఖాళీలూ.

తిరుమలగిరి పేరుతో తెలంగాణలో ఊళ్లు ఒకటి కన్నా ఎక్కువే ఉన్నాయి. సికింద్రాబాద్‌లో కలిసిపోయినది ఒకటి, నాగార్జునసాగర్ దిక్కున ఇంకొకటి. ఇక్కడ చెబుతున్నది సూర్యాపేట నుంచి జనగామకు పోయే దారిలో ఉన్న మండల కేంద్రం సంగతి. 2016 అక్టోబరులో సూర్యాపేట జిల్లా ఏర్పడేదాకా నల్గొండ జిల్లాలో ఉండేది, 2018లో మున్సిపాలిటీ అయింది. ఈ దిక్కున ఇల్లు కట్టడమంటే చాలాకాలం మట్టి గోడ పెట్టడమే. మట్టిని తవ్వి గుంతలో నానబెట్టి, వరిగడ్డి ముక్కలో ఊకో చల్లి, మనుషులో పశువులో బాగా తొక్కాక ముద్దలు చేసి వరుస పెట్టేవాళ్లు. కింది వరుస ఆరి గట్టిపడితే తప్ప మీది వరుస ఎక్కదు. గోడ మందం సాధారణంగా మూరెడు, కలిగినవాళ్ల ఇళ్లలో ఇంకా ఎక్కువ. మీద దూలాలు, వాసాలు, వాటి మీద గూనపెంకులు. లేనివాళ్లకు గడ్డి కప్పు. గడ్డి ఎందుకు కలపాలో గోడ పెట్టేవాడికి బాగా తెలుసు. బంకమట్టి ఆరేటప్పుడు ముడుచుకుంటుంది, ముడుచుకుంటే పగులుతుంది. లోపల గడ్డి ఉంటే ఒక పెద్ద నెర్రె పడాల్సిన చోట కంటికి ఆనని సన్న నెర్రెలు పడి ఊరుకుంటాయి. గోడలోని తేమ బయటికి రావడానికి ఆ పోచలు దారి కూడా ఇస్తాయి. ముద్ద జారకుండా నిలబడుతుంది. ఇంజనీర్లు కాంపోజిట్ అని దేన్ని అంటారో ఇది అచ్చంగా అదే. పట్టి ఉంచే పదార్థం ఒకటి, లాగుడును ఓర్చుకునే నార ఒకటి. ఒకదాని లోపాన్ని ఇంకొకటి పూడుస్తుంది. ఇంతవరకు పెద్దలకు ఇవ్వవలసిన ఘనతను ఇవ్వకుండా ఉండలేం. చప్పుడు మాట వచ్చేసరికే లెక్క మారుతుంది.

గోడకు ఒక పక్కన మాట్లాడితే గాలి ఒత్తిడి గోడను అతి కొద్దిగా కదిలిస్తుంది, ఆ కదలిక అవతలి గాలిని కదిలిస్తుంది. గోడ ఎంత బరువైతే అంత తక్కువ కదులుతుంది. లార్డ్ రేలీ 19వ శతాబ్దంలో వేసిన పునాది మీద, 20వ శతాబ్దం మొదట్లో కొలతలతో సహా స్థిరపడిన సూత్రం ఇది. చదరపు మీటరు గోడ బరువు రెట్టింపైన ప్రతిసారీ దాన్ని దాటే శబ్దం సుమారు 6 డెసిబెల్లు తగ్గుతుంది. 45 సెంటీమీటర్ల మట్టి గోడ చదరపు మీటరుకు 700 నుంచి 800 కిలోల దాకా తూగుతుంది. సిమెంటు రేకు అదే విస్తీర్ణానికి 12, 13 కిలోలు. 12ను ఆరుసార్లు రెట్టింపు చేస్తే 768. అంటే లెక్క ప్రకారం మట్టి గోడ రేకు కన్నా 36 డెసిబెల్లు ఎక్కువ ఆపాలి. శక్తి లెక్కలో అది దాదాపు 4,000 రెట్ల తేడా. ఈ లెక్కలో గడ్డి ప్రస్తావనే లేదని గమనించాలి. నిజానికి గడ్డి వస్తే లెక్క అటు కాదు, ఇటు తిరుగుతుంది. గడ్డి కలిపిన మట్టి, కలపని మట్టి కన్నా తేలిక. గోడ బరువులో పదో వంతు తగ్గిందనుకుంటే ఆపే శక్తి ఒక డెసిబెల్ దాకా తగ్గుతుంది. చెవి పట్టలేనంత చిన్న తేడా అయినా, తేడా దిశ మాత్రం గడ్డిని పొగిడేవాళ్లకు అనుకూలంగా లేదు.

గడ్డి బరువుతో పని చేయకపోయినా, లోపలికి దూరిన తరంగాన్ని చెదరగొట్టి సన్నగిల్లజేయదా అని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. తరంగం పొడవూ, అడ్డం వచ్చిన వస్తువు పరిమాణమూ దగ్గరదగ్గరగా ఉంటేనే చెదరడం గట్టిగా జరుగుతుంది. తరంగం మరీ పొడవైతే అడ్డాన్ని అడ్డంగానే లెక్కచేయదు. చెరువు అలకు తుంగ పోచ ఏపాటి అడ్డమో అంతే. ఆరిన మట్టిలో శబ్దం సెకనుకు 1,000 మీటర్ల చొప్పున పోతుందనుకుందాం. మనిషి గొంతులో ముఖ్యమైన 500 హెర్ట్జ్ ధ్వనికి ఆ మట్టిలో తరంగం పొడవు 2 మీటర్లు. గడ్డి పోచ మందం 3, 4 మిల్లీమీటర్లు. ఐదు వందల వంతు! చెవికి అందే స్వరాల్లో అన్నిటికన్నా సన్ననిది, 20,000 హెర్ట్జ్‌ది, తీసుకున్నా తరంగం పొడవు 5 సెంటీమీటర్లు ఉంటుంది. అప్పటికీ పోచ దానిలో పన్నెండో వంతు దగ్గరే. రేలీ చూపించిన లెక్క ఇక్కడ కఠినంగా ఉంటుంది. అడ్డం తరంగం కన్నా చాలా చిన్నదైనప్పుడు, ధ్వని ఫ్రీక్వెన్సీ సగమైతే గుండ్రటి రేణువు నుంచి చెదిరే శక్తి 16 వంతుల్లో ఒక వంతుకు, పోచ లాంటి సన్నటి స్తంభం నుంచి చెదిరేది 8 వంతుల్లో ఒక వంతుకు పడిపోతుంది. 20,000 నుంచి 500కు దిగేసరికి ఆ చెదరడం ఉన్నా లేనట్టే. ఇంట్లో ఉన్న మనిషి వినగల ఏ శబ్దానికీ ఆ గోడలోని గడ్డి కనిపించదు.

ఇంకో అభ్యంతరం ఇంతకన్నా గట్టిది. పోచకూ మట్టికీ మధ్య రాపిడి ఉంటుంది, ఆ రాపిడిలో శబ్దం వేడిగా మారి తగ్గుతుంది కదా అని. తగ్గుతుంది. గోడను గుద్దితే మోగకుండా డబ్బుమని ఆగిపోవడానికి ఇలాంటి లోపలి రాపిడే కారణం. కాని గడ్డి లేని ఒట్టి మట్టి దిమ్మ కూడా మోగదు. పొడి మట్టిలో రేణువుకూ రేణువుకూ మధ్యనే కావలసినంత రాపిడి ఉంది. పిల్లలమర్రి గుళ్లలో కాకతీయుల కాలం నాటి నల్లరాతి స్తంభాలు గట్టిగా, గుల్ల లేకుండా ఉంటాయి కాబట్టి అలాంటి రాయిలో శబ్దం చాలాసేపు బతుకుతుంది. మట్టిలో బతకదు. ఆ తేడా రాయికీ మట్టికీ ఉన్నది, గడ్డి వచ్చి తెచ్చింది కాదు. పైగా ఆ ఇళ్లు అంత నిశ్శబ్దంగా ఉండేవన్న మాటే పూర్తిగా నిజం కాదు. గోడ మూరెడు మందం ఉన్నా, గోడకూ చూరుకూ మధ్య సందు, పెంకుకూ పెంకుకూ మధ్య సందు, తలుపు కింద సందు ఉండనే ఉన్నాయి. అడ్డుకునే మొత్తం విస్తీర్ణంలో నూటికి ఒక వంతు తెరిచి ఉంటే, మిగతా 99 వంతులు ఎంత గట్టివైనా మొత్తం మీద 20 డెసిబెల్లకు మించి ఆపలేవు. పక్కింటి గొడవ గోడలోంచి రాకపోయినా గోడ మీదుగా వచ్చేది. పాత ఊరి నిశ్శబ్దంలో ఎక్కువ భాగం మోటార్లు, మైకులు లేకపోవడం వల్ల వచ్చింది. దాన్ని గోడ ఖాతాలో వేయడం సరికాదు.

ఈ వాదనకు శాస్త్రం పేరుతో ఒక దన్ను కూడా దొరికింది. 2016లో కరెంట్ సైన్స్ పత్రికలో ఎల్లోరా గుహల మట్టి పూత మీద ఒక పరిశోధన అచ్చయింది. ఆ పూతలో మట్టి, సున్నంతో పాటు గంజాయి మొక్క నార, బెరడు ముక్కలు ఉన్నాయని అందులో తేల్చారు. ఇది విలువైన పరిశీలన. పురుగు పట్టకుండా, ఇన్ని శతాబ్దాలు పూత నిలబడడంలో ఆ మొక్క పాత్ర ఉందన్న వివరణ కూడా నమ్మదగ్గదే. దానికి తోడు, ఇలాంటి పూత గాలిలోని శబ్దంలో సుమారు 90 శాతం పీల్చుకుంటుందని, అందుకే భిక్షువులకు ప్రశాంతత దొరికిందని కూడా రాశారు. పత్రికలు పట్టుకున్నది ఈ ఆఖరి మాటనే. ఎల్లోరా ఇప్పుడు మహారాష్ట్రలో ఉన్నా 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రంలోది. అజంతాను, ఎల్లోరాను, ఫణిగిరిని చూసుకున్నది 1914లో ఏర్పడిన ఒకే నిజాం పురావస్తు శాఖ. కాబట్టి ఆ మాట మన గోడల మీదికి పాకడం సహజం. కాని అందులో రెండు సంగతులు కలిసిపోయాయి. గదిలోని శబ్దాన్ని గోడ పైతలం పీల్చుకోవడం ఒకటి, గోడ అవతలి శబ్దాన్ని ఆపడం మరొకటి. మొదటిదానికి తెరిచి ఉన్న సన్న రంధ్రాలు కావాలి, పూత మందంగా ఉండాలి. ఈ కాలంలో గంజాయి జాతి మొక్క ముక్కలను సున్నంతో వదులుగా కూరి కట్టే మందపాటి గోడల గుణాన్ని, కొండ రాతి మీద పలచగా మెత్తిన పూతకు అంటగట్టడం కుదరదు. రాయి మీది పూత తక్కువ ఫ్రీక్వెన్సీ ధ్వనులను, అంటే గుహలో గింగురుమనే మంత్రపఠనాన్ని, పెద్దగా తగ్గించలేదు.

1895లో హార్వర్డ్‌లో వాలెస్ సబైన్ ఒక ఉపన్యాసశాలలో మాట గింగురుమని వినపడకుండా పోవడాన్ని సరిదిద్దడానికి పూనుకున్నప్పుడు, వేరే హాలు నుంచి కుర్చీ మెత్తలు మోయించి ఒక్కొక్కటిగా పరిచి శబ్దం ఎంతసేపట్లో చస్తుందో కొలిచాడు. మెత్తలో నార వదులుగా ఉంది, మధ్యన గాలి ఉంది, ఆ గాలి అటూ ఇటూ కదిలి నారకు రాసుకుని శక్తి పోగొట్టుకుంది. నార శబ్దాన్ని మింగడమంటే ఇదే. అదే నార చుట్టూ మట్టో సిమెంటో రెసిన్నో నిండితే గాలికి చోటుండదు, మింగే పనీ ఉండదు. మన దగ్గర నార ఈ పని చేసిన చోటు ఒకటుంది. గడ్డి కప్పు. వాన చినుకు పడ్డప్పుడు గడ్డి కప్పు కింద చప్పుడు వినపడదు. చినుకు దెబ్బ వదులు పోచల్లో చెదిరిపోతుంది, గట్టి పలకలా ఊగి గదిలోకి శబ్దం పంపేది అక్కడ ఏదీ లేదు. గడ్డిని మెచ్చుకోదలచినవాళ్లు గోడలోని గడ్డిని వదిలేసి కప్పు మీది గడ్డిని మెచ్చుకుంటే న్యాయంగా ఉండేది.

వాదన తేల్చడానికి సిమెంటు రేకు కన్నా మంచి సాక్షి దొరకదు. ఆస్ట్రియాకు చెందిన లుడ్విగ్ హాచెక్ 1900 ప్రాంతంలో ఆస్బెస్టాస్ నారను సిమెంటు నీళ్లలో కలిపి, పలచటి పొరల మీద పొరలుగా డ్రమ్ముకు చుట్టి, కోసి పరిచే యంత్రానికి పేటెంటు తీసుకున్నాడు. 20వ శతాబ్దం నడిమికల్లా హైదరాబాద్ సనత్‌నగర్‌లో ఆ పరిశ్రమ నిలదొక్కుకుంది. చార్మినార్ బొమ్మ రేకులు తెలంగాణ పల్లెల్లో గడ్డి కప్పుల చోటునూ, గూనపెంకుల చోటునూ మెల్లగా ఆక్రమించాయి. కడప జిల్లా పులివెందుల వైపు ఆస్బెస్టాస్ గనులు కూడా నడిచాయి. రేకు నిప్పంటుకోదు, ఏటేటా కప్పనక్కర్లేదు, కోతులు తొక్కి పెంకులు జరిపే బెడద లేదు. పేదవాడికి అది నిజమైన మేలు. ఆ దుమ్ము ఊపిరితిత్తులకు చేసే కీడు వేరే కథ, దాన్ని తక్కువ చేయడానికి లేదు. మన ప్రశ్నకు సంబంధించినంత వరకు చూస్తే, రేకు బరువులో సుమారు పదో వంతు నార. మట్టి గోడలోని గడ్డి కన్నా ఆ నార ఎన్నో రెట్లు సన్నం, ఎన్నో రెట్లు దట్టం, పొరలుగా పరుచుకున్నది. నార కలిపిన కాంపోజిట్లలో ఇంత శుద్ధమైన నమూనా ఇళ్ల మీదికి అంతకుముందు రాలేదు. నార వల్లనే శబ్దం ఆగేదైతే రేకుల ఇల్లు అన్నిటికన్నా ప్రశాంతంగా ఉండాలి. వానాకాలంలో రేకుల కింద మనిషి మాట మనిషికి వినపడదని తిరుమలగిరిలో ఎవరినడిగినా చెబుతారు. 6 మిల్లీమీటర్ల పలక గట్టిగా ఉంది, తేలికగా ఉంది, దెబ్బ తగలగానే మొత్తం ఊగి గదిలోకి చప్పుడు పంపుతుంది. నార దాన్ని విరగకుండా కాపాడింది. చప్పుడు నుంచి ఇంటివాళ్లను కాపాడడం నార పని కాదు.

అయితే నార కలిపిన పదార్థానికీ శబ్దానికీ చరిత్రలో ఏ సంబంధమూ లేదని అనలేం. సంబంధం ఉంది, అది వేరే వైపు నుంచి వచ్చింది. కుండ కొనేవాళ్లు వేలి కణుపుతో కొట్టి చూస్తారు. ఖంగుమంటే కుండ మంచిది, బొల్లుమంటే ఎక్కడో పగులుంది. సున్నపు పూత గోడను విడిచిందో లేదో తెలుసుకోవడానికి తాపీ మేస్త్రీ చేసేదీ అదే. డంగుసున్నంలో జనపనార కలిపి పూసిన పాత గడీల గోడల్ని బాగుచేసేవాళ్లు ఇప్పటికీ ముందు తట్టి వింటారు. నిజాం పురావస్తు శాఖ సంచాలకుడు గులాం యజ్దానీ హయాంలో 1920-22 మధ్య అజంతా చిత్రాలను కాపాడడానికి ఇటలీ నుంచి లొరెంజో చెక్కోని, ఓర్సీని అనే ఇద్దరు నిపుణులను పిలిపించారు. రాతిని విడిచి ఉబ్బిన పూతను తిరిగి అంటించడం వాళ్ల ముఖ్యమైన పని. అజంతా పూతలోనూ వరి ఊక, మొక్కల పీచు ఉన్నాయి. (వాళ్లు పూసిన లక్క వార్నిష్ తర్వాత పచ్చబడి, బొమ్మల మీద కొత్త తలనొప్పి తెచ్చిపెట్టింది.) అదే శాఖ 1940ల్లో ఫణిగిరిలో తవ్వకాలు జరిపింది. 2016కు ముందు ఫణిగిరి తిరుమలగిరి మండలంలోదే, ఇప్పుడు నాగారం మండలంలో ఉంది. 2019లో అక్కడ బయటపడిన బోధిసత్వుడి నిలువెత్తు విగ్రహం రాయి కాదు, ఇటుక ఒడలి మీద సున్నపు గారతో మలిచినది. ఇలాంటి వాటిలో ప్రాణం మీదికొచ్చే సమస్య గార లోపలి ఇటుకను పట్టుకుని ఉందా, విడిచిందా అన్నదే. ఈ పనులన్నిటిలో శబ్దం ఎంత తగ్గుతుందన్నది ఎవరికీ పట్టదు. ఎక్కడ, ఎందుకు తగ్గిందన్నదే పట్టింపు. సన్నగిల్లిన శబ్దం పదార్థంలోని లోపాన్ని చెప్పే సాక్ష్యంగా మారింది.

వేలితో తట్టే పద్ధతికి హద్దుంది. తట్టుడు చప్పుడు చెవికి వినపడేది కాబట్టి దాని తరంగం పొడవు. అరచేయంత పొల్లు దొరుకుతుంది, ఆవగింజంత ఖాళీ దొరకదు. చిన్న లోపం తెలియాలంటే చిన్న తరంగం కావాలి, అంటే చెవికి మించిన అతిధ్వని కావాలి. లెనిన్‌గ్రాడ్‌లో సొకోలోవ్ 1920ల చివర లోహంలోంచి అతిధ్వనిని పంపి లోపాలు పట్టవచ్చని చెప్పాడు. మిషిగన్ విశ్వవిద్యాలయంలో ఫ్లాయిడ్ ఫైర్‌స్టోన్ 1940లో ప్రతిధ్వనితో లోపం లోతు కూడా చెప్పే పరికరానికి పేటెంటు కోరాడు. ఆ కాలంలోనే మన దగ్గర సూరి భగవంతం ఉన్నాడు. 1909లో ఆగిరిపల్లిలో పుట్టి, హైదరాబాద్ నిజాం కాలేజీలో చదివి, కలకత్తాలో రామన్ దగ్గర పనిచేసి ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చాడు. భీమసేనాచార్‌తో కలిసి స్ఫటికాల్లోంచి అతిధ్వనిని పంపి వాటి బిగువును కొలిచే పద్ధతి రూపొందించి, వజ్రం మీద చేసిన కొలతలను 1946లో లండన్ రాయల్ సొసైటీ పత్రికలో ప్రకటించాడు. వజ్రంలో ధ్వని సెకనుకు దాదాపు 18 కిలోమీటర్ల వేగంతో పోతుంది, పెద్దగా నీరసించదు కూడా. నార కలిపిన పదార్థానికి వజ్రం పూర్తిగా అవతలి కొస. తర్వాత ఆయన ఉస్మానియాకు వైస్ చాన్సలరై, 1961లో రక్షణ మంత్రికి శాస్త్ర సలహాదారు అయ్యాడు. క్షిపణుల కోసం పెట్టిన డీఆర్‌డీఎల్ ఢిల్లీ నుంచి హైదరాబాద్‌కు వచ్చింది 1962లో. ఈ రెంటినీ ముడేసి కథ అల్లాలన్న ఆశ కలుగుతుంది గాని, అంత అవసరం లేదు. అతిధ్వని చదువూ, దాని అవసరమూ ఒకే నగరంలో కలిశాయని చెప్పుకుంటే చాలు.

ఆ అవసరం నారతో పాటే వచ్చింది. 1980 జూలై 18న శ్రీహరికోట నుంచి లేచిన ఎస్ఎల్‌వీ-3 పై దశల మోటారు తొడుగులు నార చుట్టిన ప్లాస్టిక్‌తో చేసినవి. 1983లో అబ్దుల్ కలాం నాయకత్వంలో హైదరాబాద్‌లో క్షిపణుల కార్యక్రమం మొదలైంది. 1989 మే 22న పోయిన అగ్ని ముక్కు భాగం, వాతావరణంలోకి తిరిగి దిగేటప్పుడు పుట్టే వేల డిగ్రీల వేడిని కార్బన్ నార కాంపోజిట్‌తో తట్టుకుంది. అదే పదార్థంతో నిమ్స్ ఆసుపత్రిలోని పోలియో పిల్లలకు 3 కిలోల ఇనుప కాలిపట్టీల బదులు 300 గ్రాముల పట్టీలు చేసిన ముచ్చట కలాం చాలా సభల్లో చెప్పారు. ఇలాంటి భాగంలో కార్బన్ నార మందం సుమారు 7 మైక్రోమీటర్లు, ఒక పొర మందం మిల్లీమీటరులో ఎనిమిదో వంతు. దీన్ని కోసి చూసి బాగుందో లేదో చెప్పడం కుదరదు, కోస్తే పనికిరాదు. తట్టి చూస్తే సరిపోదు. అందుకే నీళ్లలో ముంచో, నీటి ధార పట్టో, 1 నుంచి 10 మెగాహెర్ట్జ్ అతిధ్వనిని అవతలికి పంపి ఎంత బలహీనపడి వచ్చిందో చుక్క చుక్కకూ కొలుస్తారు.

ఇక్కడైనా నార శబ్దాన్ని చెదరగొడుతుందా అంటే, ఆశ్చర్యంగా, ఒంటి నార ఇక్కడా దాదాపు కనిపించదు. 5 మెగాహెర్ట్జ్ తరంగం పొరలకు అడ్డంగా సెకనుకు 3 కిలోమీటర్ల వేగంతో పోతే దాని పొడవు 0.6 మిల్లీమీటర్లు, నార మందానికి ఎనభై రెట్లకు పైగా. వరిగడ్డి కథే మళ్లీ. శబ్దం ఎక్కువగా నశించేది రెసిన్‌లో. రెసిన్ పొడవాటి అణువుల జిగట పదార్థం, ప్రతి ఊపుకూ కొంత శక్తిని వేడిగా మింగుతుంది, ఫ్రీక్వెన్సీ పెరిగేకొద్దీ ఇంకా మింగుతుంది. నార చేసే పని దిక్కు చూపడం. నార వెంబడి ధ్వని సెకనుకు 9, 10 కిలోమీటర్ల వేగంతో పోతుంది, అడ్డంగా అందులో మూడో వంతే. పొరకూ పొరకూ మధ్య రెసిన్ పేరుకున్న చోట కొంత వెనక్కి తిరుగుతుంది. అన్నిటికన్నా పెద్ద శత్రువు గాలి బుడగ. కాంపోజిట్ శబ్దానికి చూపే నిరోధానికీ గాలి చూపే నిరోధానికీ దాదాపు పది వేల రెట్ల తేడా ఉంది కాబట్టి బుడగ చిన్నదైనా తరంగం దాన్ని దాటదు. నారలు సరిగా తడవని చోట బుడగలు నారల వెంబడే సాగి పడుకుంటాయి, పొరలకు అడ్డంగా వచ్చే ధ్వనికి ఎదురు నిలుస్తాయి. ఇంగ్లండులోని ఫార్న్‌బరోలో, 1960ల్లో కార్బన్ నారను బలంగా తయారుచేసే పద్ధతి పుట్టిన చోటనే, స్టోన్, క్లార్క్ అనే ఇద్దరు 1975లో ఈ సంబంధాన్ని కొలిచి చూపించారు. ధ్వని సన్నగిల్లడాన్ని బట్టి ఖాళీల శాతం చెప్పవచ్చని తేలింది. ఖాళీ 1 శాతం పెరిగితే పొరల మధ్య పట్టు బలం సుమారు 7 శాతం పడిపోతుందని ఆ దశాబ్దంలోనే ఇతర పరిశోధనలను కూర్చి లెక్క తేల్చారు. వింటే చిన్న అంకె, రాకెట్ మోటారుకు మాత్రం ప్రాణాంతకం.

సన్నగిల్లడాన్ని ఇలా సాక్ష్యంగా తీసుకోవడం మీదా అభ్యంతరం ఉంది. అంతే సంఖ్యలో డెసిబెల్లు ఇతర కారణాల వల్ల కూడా పోవచ్చు. రెసిన్ సరిగా ఉడకకపోయినా, పైతలం గరుకుగా ఉన్నా, మందం కొంచెం మారినా శబ్దం తగ్గుతుంది. నిజమే. అందుకే ఒంటి కొలతను ఎవరూ నమ్మరు. అదే నార, అదే రెసిన్, అదే మందంతో, ఎన్ని ఖాళీలున్నాయో ముందే తెలిసిన నమూనా పలకలు చేసుకుని వాటితో పోల్చి చూస్తారు. కుండ కొట్టి చూసేవాళ్లు కూడా ఒక్క కుండ కొట్టి తీర్పు చెప్పరు, నాలుగు కొట్టి పోలుస్తారు. అలాగని కుమ్మరి నుంచి ప్రయోగశాలకు ఒక విద్య చేతులు మారి వచ్చిందని నేననడం లేదు. ఆ దారి లెనిన్‌గ్రాడ్, మిషిగన్, ఫార్న్‌బరో మీదుగా వచ్చింది, తిరుమలగిరి మీదుగా కాదు. రెండు చోట్లా ఒకే ప్రశ్న ఉంది, పట్టు ఎక్కడ తప్పింది అని. ప్రశ్న ఒకటైనంత మాత్రాన జవాబు వంశపారంపర్యం కాదు. మన పెద్దలను పొగడడానికి లేని వంశవృక్షం గీయనక్కర్లేదు; పగలని గోడ పెట్టారు, అది చాలు.

ఆ గోడల్నే ఇప్పుడు పరికరాలతో పరీక్షించబోతే ఏమవుతుందో చూస్తే ఈ లెక్క ఇంకొంచెం స్పష్టమవుతుంది. కాంక్రీటు పరీక్షకు ప్రపంచమంతా వాడే అతిధ్వని యంత్రం సాధారణంగా 54 కిలోహెర్ట్జ్ దగ్గర పనిచేస్తుంది. మట్టి గోడలో దాని తరంగం పొడవు 2 సెంటీమీటర్ల దగ్గర. గడ్డి పోచకు అది ఇంకా ఐదారు రెట్లు. పోచ స్పష్టంగా తగలాలంటే 250 కిలోహెర్ట్జ్ దాకా వెళ్లాలి. అప్పుడు తరంగం 4 మిల్లీమీటర్లు అవుతుంది గాని, పొడి మట్టి రేణువులు, నెర్రెలు, చెదలు తొలిచిన సందులు, ఒకప్పుడు పోచ ఉండి కుళ్లిపోయాక మిగిలిన ఖాళీలు కలిసి ఆ ధ్వనిని మూరెడు గోడ దాటనివ్వవు. 54 కిలోహెర్ట్జ్‌తో సరిపెట్టుకుంటే, ధ్వని ఎంత ఆలస్యంగా, ఎంత నీరసంగా వచ్చిందన్నది గోడలో తేమ ఎక్కడుందో, నెర్రె ఎక్కడ పారిందో, కింది వరుసకూ మీది వరుసకూ అతుకు ఎక్కడ వదిలిందో చెబుతుంది. పాత ఇల్లు కూల్చాలా, నిలపాలా అన్న నిర్ణయానికి కావలసినవి ఆ మూడే.